ఎదురుకాళ్ళ వైద్యం

అందరూ తల ముందు పెట్టి పుడితే నేను కాళ్ళు ముందు పెట్టి పుట్టాను. బయట ఎలా ఉందో కాలు పెట్టి చూసుకుని, నమ్మకం కుదిరాక గానీ తక్కింది బయటికి తీయలేదని మా అమ్మ చచ్చేదాకా ఎగతాళి చేసింది. కావచ్చు. నాకు అనుమానం పుట్టుకతో వచ్చిన జబ్బు. కూరగాయల బండివాడు అడక్కుండా కొసరు వేస్తే, పుచ్చు వంకాయ ఎక్కడ తోశాడా అని సంచి తిరగేసి చూస్తాను. ఎవరైనా ఊరికే నవ్వితే, ఎందుకు నవ్వారో తెలిసేదాకా నాకు అన్నం సయించదు.

మా హిందూపురం వైపు ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళకు ఒక మర్యాద ఉంది. ఎవరికైనా నడుము పట్టేస్తే మమ్మల్ని పిలిపించి తన్నించుకుంటారు. తన్నడమంటే పగ తీర్చుకోవడం కాదు. నొప్పి ఉన్నవాళ్ళు గోడవైపు తిరిగి నిలబడితే, ఎడమకాలి మడమతో నడుము మీద మూడుసార్లు తాటించాలి. అంతే. తన్నించుకున్నవాళ్ళు వెనక్కి తిరిగి చూడకుండా పోవాలి, తన్నినవాళ్ళు పైసా ముట్టకూడదు. చిన్నప్పుడు మా వీధిలో పెద్దమనుషులని పేరు పడ్డవాళ్ళంతా నా కాలికింద నిలబడ్డవాళ్ళే. పెళ్ళయిన ఏడాదికే మా మామగారికి నడుము పట్టేస్తే ఆయన్నూ తన్నాను. ఆ తరువాత ఆయన ఎంత గొంతు పెంచినా నాకు భయం వేసేది కాదు.

బెంగళూరు వచ్చాక ఈ విద్యతో ఇక పని పడదనుకున్నాను. బొమ్మనహళ్ళిలో షర్టులు కుట్టే ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో, పక్క మిషన్ ఆమె కింద పడిన కత్తెర తీసుకోబోయి "అమ్మా" అని అలాగే వంగి ఉండిపోయింది. నా నోరు ఊరుకోదు కదా, "నేను కాళ్ళతో పుట్టినదాన్నిలే, రా, తంతా" అన్నాను. సాయంత్రం లోపల ఆ మాట అన్ని లైన్లూ తిరిగింది. మరునాటి నుంచి అన్నం గంట కొట్టగానే, కత్తిరింపుల్లో మిగిలిన గుడ్డముక్కలు మూటలు కట్టి పడేసే షెడ్డులో నాకు వైద్యశాల తెరుచుకుంది. తెలుగువాళ్ళు, కన్నడంవాళ్ళు, ఒరిస్సా నుంచి వచ్చిన పిల్లలు, అందరూ వచ్చేవాళ్ళు. గోడవైపు తిరిగాక ఏ భాషవాళ్ళయినా ఒకటే.

నయమయ్యేదా అంటే ఏం చెప్పను? కొందరికి అయ్యేది. మాకు ఇచ్చినవి వీపు ఆనుకోవడానికేమీ లేని ఇనుప స్టూళ్ళు. గుడ్డముక్కలతో ఎవరి మెత్త వాళ్ళు కుట్టుకుని వాటి మీద కట్టుకునేవాళ్ళం. పొద్దుటి నుంచి సూది మీదికి వంగి వంగి కూర్చున్నదాన్ని గోడ దగ్గర నిటారుగా నిలబెడితే, ఆ నిలబడటమే సగం మందేమోనని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పట్లో మాత్రం అంతా నా మడమ మహిమే అనుకున్నాను.

షెడ్డులో జరిగింది షెడ్డులోనే ఉండాలి. ఆ మాట ఎవరూ ఎవరికీ చెప్పలేదు గానీ అందరికీ తెలుసు. ఎందుకంటే బొత్తాం కాజాలు కుట్టే మిషన్ మీద ఒకామె ఉండేది, మెడ తిప్పలేకపోతున్నానని సూపర్‌వైజర్‌కు చెప్పింది పాపం. "అయ్యో, అలాగా" అన్నాడాయన. వారం తిరక్కుండానే ఆమెను మిషన్ మీద నుంచి లేపి దారాలు కత్తిరించే బల్ల దగ్గర నిలబెట్టారు. పొద్దస్తమానం తల వంచుకుని నిలబడే పని. మెడనొప్పికి అంతకంటే మంచి మందు దొరకలేదు వాళ్ళకు! కొన్నాళ్ళకు ఆమె రావడం మానేసింది. మాన్పించారో, మానుకుందో ఎవరికీ తెలియదు. అప్పటి నుంచి లైన్‌లో ఎవర్ని అడిగినా నడుము వజ్రంలా ఉందనే చెప్పేవాళ్ళు, మధ్యాహ్నమయ్యేసరికి నా దగ్గరికి వచ్చి గోడ పట్టుకునేవాళ్ళు.

నేను కఫ్‌లు కుట్టేదాన్ని. నా ముందు మిషన్ మీద కాలర్లు కుట్టే ఒక అక్క ఉండేది. చింతామణి దగ్గరి పల్లె. ఒకరి వెనక ఒకరం కూర్చుంటాం కాబట్టి ఏళ్ళ తరబడి ఆమె ముఖం కంటే వీపే ఎక్కువ చూశాను. రవికె కుట్టు ఎక్కడ విప్పి మళ్ళీ వేసిందో కూడా నాకు తెలుసు. మనిషి పొడగరి, బల్ల పొట్టిది. సూది కనబడాలంటే ఆమె సగానికి మడతపడాల్సిందే. పెడల్ ఎడమవైపుకు బిగించి ఉండటంతో ఒళ్ళు ఒకవైపు, కాలు ఒకవైపు పెట్టుకుని కుట్టేది. ఆమె మొగుడు సెంట్రింగ్ పనికి పోతాడు, పని దొరికితే. ఇల్లు నడిచేది అక్క జీతం మీదే.

మొదట్లో ఆమె నెలకోసారి వచ్చేది షెడ్డుకు. తరువాత వారానికోసారి. తరువాత రోజూ రావడం మొదలుపెట్టింది. "అక్కా, ఏమిటికిట్ల రోజూ?" అంటే, "నీ కాలికి అలవాటు పడినానే, తన్నకుంటే అన్నం అరగదు" అని నవ్వేసేది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. లేచేటప్పుడు బల్ల పట్టుకుని లేస్తుంది. మెట్లు దిగేటప్పుడు ఎడమకాలు కొంచెం ఆలస్యంగా వస్తుంది. చూశాను, అడగలేదు. అడిగితే షెడ్డు మర్యాద తప్పినట్టు.

అలాంటి రోజుల్లో మెడలో టేపు వేసుకుని ఒకమ్మాయి మా లైన్‌లోకి వచ్చింది. సూపర్‌వైజర్ కన్నడాయన, మాతో ఉండీ ఉండీ ఆయన తెలుగు మా తెలుగులాగే తయారైంది. "ఈ మేడమ్ బయ్యర్ కడె నుంచి వచ్చిండారు. మీరు ఎట్ల కూర్చుంటారో చూస్తారంతె. సుమ్నే మీ పని మీరు చేసుకోండమ్మా" అన్నాడు. బయ్యరంటే మా షర్టులు కొనే కంపెనీ, సుమ్నే అంటే ఊరికే. ఆయన సుమ్నే అన్నాడంటేనే ఏదో ఉందని అర్థం.

ఆ అమ్మాయి మోకాలి నుంచి నేలకు కొలిచింది, మోచేయి నుంచి బల్లకు కొలిచింది. ఫోన్‌లో వీడియో తీసింది. కోస్తా తెలుగు, ప్రతి మాటకూ అండీ. "నేను మీ స్పీడ్ చూడ్డానికి రాలేదండీ. ఒళ్ళు నొప్పులు రాకుండా సీటింగ్ మార్చడానికి వచ్చాను" అంది. అంతకుముందు గడియారం పట్టుకుని వచ్చినవాళ్ళు కూడా ఇంత తీయగానే మాట్లాడారు. ఒక కఫ్ కుట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసి, నవ్వుతూ వెళ్ళారు. మరుసటి నెల టార్గెట్ పెరిగింది. తేనె పూసిన కత్తిని నేను ఒకసారి నాకాను, రెండోసారి నాకను.

అక్క తల తిప్పకుండానే నాకు వినబడేలా గొణిగింది. "ఒళ్ళు నొప్పులు తగ్గిచ్చేకి వచ్చిండాదంట. టార్గెట్ పెంచేకి ఇదొక కొత్త వేషం."

"కొలతలెందుకక్కా మరి? మనకేమన్నా శవపెట్టెలు చేపిస్తారా?" అన్నాను.

గడియారంవాళ్ళు వస్తే నెమ్మదిగా కుట్టాలన్నది మాకు తెలిసిన యుక్తి. కొలతలవాళ్ళు వస్తే ఏం చేయాలో ఎవరికీ తెలియదు. దాంతో లైన్ మొత్తం ఫోటో స్టూడియోలో కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంది. జన్మలో వీపు ఎత్తనివాళ్ళు కూడా ఛాతీ విరుచుకుని, దూరం నుంచి సూదిని చూస్తూ కుట్టారు. ఆ పూట ఎన్ని కాలర్లు వంకర పోయాయో దేవుడికే తెలియాలి. "ఎవరికైనా నడుం నొప్పి ఉందా అండీ?" అని అడిగింది. లేదు. మెడ నొప్పి? లేదు. చేతులు తిమ్మిర్లు? మాకా? మా ఊళ్ళలో అలాంటి జబ్బులే లేవు! ఆ అమ్మాయి మమ్మల్ని ఒకసారి చివరిదాకా చూసి, టేపు చుట్టుకుంటూ నవ్వింది. ఎందుకు నవ్విందో తెలియక ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు.

ఆమెకు మేం టేపమ్మ అని పేరు పెట్టుకున్నాం. మళ్ళీ వచ్చింది. ఈసారి అన్నం వేళకు షెడ్డులోకి వచ్చింది. నా ముందు ఒకామె గోడవైపు తిరిగి ఉంది, నా ఎడమకాలు గాలిలో ఉంది, వెనక మూటల మీద మరో ఆరేడుగురు వాళ్ళ వంతు కోసం కూర్చుని ఉన్నారు. అందరూ ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోయాం. కాలు దించాలో, తన్నాలో నాకు తెలియలేదు.

"ఏం చేస్తున్నారండీ?" అంది టేపమ్మ.

"ఆట" అన్నాను.

ఎవరో కిసుక్కున నవ్వారు. అయినా ఆ అమ్మాయి వదల్లేదు, అడిగి అడిగి విషయం రాబట్టింది. నవ్వుతుందనుకున్నాను, మూఢనమ్మకం అని పాఠం చెబుతుందనుకున్నాను. ఆమె చెప్పులు విడిచి, గోడవైపు తిరిగి నిలబడింది. "నన్నూ తన్నండి. రోజంతా కారులో తిరిగి నడుం పోతోంది" అంది. ఇది ఏ ఎత్తో! నన్ను మంచి చేసుకోవడానికా, పట్టించడానికా? ఏదైతే అదవుతుందని తన్నాను. పద్ధతి ప్రకారం తాటించాల్సిన దానికంటే కొంచెం గట్టిగానే తగిలింది. "అమ్మో" అంది గానీ వెనక్కి తిరిగి చూడలేదు. ఆ మర్యాద తెలిసినందుకు నాకు ఇంకా అనుమానం వేసింది.

సాయంత్రం గేటు దగ్గర పట్టుకుంది నన్ను. "పేర్లు వద్దండీ. ఏ మిషన్ మీదవాళ్ళు ఎక్కువగా వస్తారో చెబితే చాలు" అంది.

"మిషన్ చెప్తే పేరు చెప్పినట్టే కదా మేడమ్. ఆ మిషన్ మీద మీరు కూర్చుంటారా, మేం కూర్చుంటామా?" అన్నాను.

ఆమె "నిజమే" అని వెళ్ళిపోయింది. వాదించి ఉంటే బాగుండేది. నిజమే అనేవాళ్ళతో ఎలా పోట్లాడాలి?

తరువాత మా లైన్‌కు కొత్త కుర్చీలు వచ్చాయి. వీపు ఆనుకోవడానికి వెనక పలక, ఎత్తు పెంచుకోవడానికి పక్కన ఒక మీట. సూపర్‌వైజర్ అటు తిరగగానే నా కుర్చీని తలకిందులు చేసి చూశాను. కింద ఏదైనా మిషన్ పెట్టారేమో, ఎంతసేపు కూర్చున్నామో, ఎన్నిసార్లు లేచామో లెక్క కట్టేది. స్క్రూలు తప్ప ఏమీ కనబడలేదు. కనబడకపోతే లేనట్టా? అక్క అసలు మాట చెప్పింది. "ఆనుకునే పలక ఏమిటికి పెట్టిండారంటావ్? ఎవరు ఆనుకుంటే వాళ్ళు సోమరులని తెలిసేకి." మా ఫ్యాక్టరీలో వీపు వెనక్కి వాలిందంటే నిద్రపోతున్నారని లెక్క. అరుపు వినబడేది. అందుకని ఎవరం ఆనుకోలేదు. కుర్చీ అంచున, వెనకటి స్టూలు మీద కూర్చున్నట్టే ముందుకు వంగి కూర్చున్నాం. వెనక పలకలకు టిఫిన్ సంచులు, దుపట్టాలు తగిలించుకున్నాం. టేపమ్మ వచ్చి చూసి నుదురు కొట్టుకుంది.

ఆ వారంలోనే ఒక రోజు నా దారపు రీలు దొర్లిపోతే తీయడానికి కిందికి వంగాను. అక్క బల్ల కింద ఆమె ఎడమకాలి చెప్పు పడి ఉంది. అక్క అక్కడ లేదు, బాత్‌రూమ్‌కు వెళ్ళింది. సరే, వదిలేసి వెళ్ళిందనుకున్నాను. తిరిగొచ్చింది. కుడికాలికి చెప్పు ఉంది, ఎడమకాలు ఉత్తది. అంత దూరం తడి నేల మీద, గచ్చు మీద నడిచి వచ్చింది కదా, ఒకసారి కూడా కిందికి చూసుకోలేదు. వచ్చి కూర్చుని, పెడల్ మీద ఆ ఉత్తకాలు పెట్టి కాలర్ అందుకుంది.

చెప్పు జారిపోతే ఎవరికైనా తెలుస్తుంది. నేల చల్లగా ఉంటే తెలుస్తుంది. ఆమెకు తెలియలేదు.

ఆ మధ్యాహ్నం షెడ్డులో అక్క మామూలుగా గోడవైపు తిరిగింది. నేను కాలు ఎత్తలేదు. ముందుకు జరిగి, నా కాలి బొటనవేలిని ఆమె ఎడమపాదం మీద పెట్టి నొక్కాను. గట్టిగానే నొక్కాను. ఆమె కదల్లేదు. "ఏమే, తన్నవా?" అంది. కాలు తీసేశాను. తీసేసి, అప్పుడు అడిగాను.

"అక్కా, నీ పాదం మీద నా వేలు పెట్టినా. తెలుస్తాందా?"

"ఆఁ, తెలుస్తాండాది. తన్ను బిన్నా" అని తొందరపెట్టింది.

నా కాలు నేల మీద ఉంది. అబద్ధమాడటం నాకు కొత్త కాదు, ఆ లైన్‌లో అందరం ఆడేవాళ్ళమే. కానీ తన కాలి గురించి నాతో ఆడిందే, అది నాకు తగిలింది. ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉందో! ఇంతకాలం ఆమె నడుము మీద నేను రోజూ మడమతో తాటిస్తున్నది ఏమిటి? నా కాలిమీద నాకే అనుమానం పుట్టింది. "నేను తన్నను" అన్నాను.

"ఏం పట్టిందే నీకు?"

"నీ నడుం తన్నే నడుం కాదక్కా. ఆస్పత్రికి పోదాం."

అక్క వెనక్కి తిరిగింది. తన్నులకు వచ్చినవాళ్ళు వెనక్కి తిరగకూడదు, ఆమె తిరిగి నా ముఖంలోకి చూసింది. "ఆ టేపమ్మ ఏమన్నా చెప్పిండాదా నీకు?" అంది.

నిజంగా అప్పటికి టేపమ్మతో ఈ సంగతి ఒక్క మాట కూడా అనలేదు. ఆ సాయంత్రమే గేటు దగ్గర అన్నాను. పేరు చెప్పకుండా, "ఒకామెకు చెప్పు ఊడినా తెలీడం లేదు మేడమ్" అన్నాను. టేపమ్మ ముఖం మారిపోయింది. "ఎవరని అడగనండీ. రేపు మాపు అనకుండా డాక్టర్‌కు చూపించండి. వెన్నులో నరం నలిగితే అలా అవుతుంది. ఆలస్యమైతే స్పర్శ తిరిగి రాకపోవచ్చు. ఒంటికి వెళ్ళేటప్పుడు తెలియకపోవడంలాంటిది ఉంటే మాత్రం ఒక్క గంట కూడా ఆగొద్దు. ఇంకొకటి, దయచేసి ఆమెను తన్నకండి." ఇందులో ఈమెకేం లాభం అని నడిచినంతసేపూ ఆలోచించాను. హోసూరు రోడ్డు దాటేదాకా ఆలోచించినా ఏమీ దొరకలేదు. దొరకకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మరునాడు ఆ ఒంటికి వెళ్ళే సంగతి అక్కను విడిగా అడిగాను. "అట్లాంటిదేం లేదు పో" అని కసిరింది. నేను టేపమ్మతో గేటు దగ్గర నిలబడి మాట్లాడటం ఎవరో చూశారట. మధ్యాహ్నం షెడ్డుకు ఎవరూ రాలేదు. మూటలు, నేను, గోడ. నేను బాక్స్ తీసుకుని డైనింగ్ హాల్లోకి పోతే మాటలు ఆగిపోయాయి. ప్రతివాళ్ళ వంకా అనుమానంగా చూసిన నా వంక ఇప్పుడు అందరూ అనుమానంగా చూస్తున్నారు. నా మందు నాకే పోశారు, చేదుగానే ఉంది.

అక్క మాత్రం ముఖం మీదే అనేసింది. "నా మిషన్ లాక్కునేకి చేయి కలిపినావు కదే. నీ ఒళ్ళు బాగుండాది కాబట్టి నీకు నోరు లేస్తాది. బొత్తాం మిషన్ ఆమెకు పట్టిన గతి చూసినాం కదా. నేను మాత్రం చెప్పను. కాలు పడిపోయినా చెప్పను."

"నా ఒళ్ళు బాగుందని నీకెవరు చెప్పినారు?" అన్నాను.

ఎవరూ చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు కూడా. కాళ్ళతో పుట్టినవాళ్ళు అందరినీ తంతారు గానీ, వాళ్ళను తన్నేవాళ్ళెవరు? నా కుడి భుజం రెండు వానాకాలాల నుంచి పీకుతోంది. కుట్టాల్సిన కఫ్‌ల డబ్బా నాకు కుడివైపు, వెనకగా ఉండేది. ప్రతి పీసుకూ వెనక్కి చేయి చాపి తీసుకోవాలి. రోజంతా అదే. ఇంటికి పోయాక జడ వేసుకోవడానికి చేయి లేచేది కాదు. జుట్టు ముడి వేసుకోవడం ఎందుకు మొదలుపెట్టావని మా ఆయన అడిగితే, వయసొచ్చిందని చెప్పాను.

ఆ తరువాతి రోజు పని మొదలుకాకముందు సూపర్‌వైజర్ మమ్మల్ని లైన్ పక్కన నిలబెట్టాడు. టేపమ్మ మళ్ళీ అడిగింది, ఎవరికైనా ఏదైనా ఇబ్బంది ఉందా అని. ఎవరూ నోరు మెదపలేదు. అక్క నేల చూపులు చూస్తోంది. ఆ రోజు ఆమె రెండు చెప్పులకూ మడమ వెనక నాడా కట్టుకుని వచ్చింది, కాలర్ గుడ్డతో కుట్టిన నాడా. జారిపోకుండా. అది చూశాక నాకు ఆగలేదు.

"నాకుంది" అన్నాను. "భుజం నొప్పి. చేయి పైకి లేయదు. శానా దినాల నుంచి ఉండాది."

గొంతు ఎత్తే అన్నాను. లైన్‌లో ఎవరో "అయ్యో" అన్నారు. సూపర్‌వైజర్ నన్ను చూసిన చూపుకు, నా మిషన్ మీద ఇంకొకరు కూర్చున్నట్టే కనబడింది నాకు. అక్క తలెత్తి నా భుజం వంక చూసింది. ఆమె కూడా ఏళ్ళ తరబడి నాకు ముందే కూర్చుంది కదా, నన్ను వెనక్కి తిరిగి ఎప్పుడు చూసింది!

టేపమ్మ వచ్చి నేను ఎలా తీసుకుంటానో చూసింది. చూసి, డబ్బాను తెచ్చి నా ఎడమపక్క, మోచేయి ఎత్తున బల్ల అంచుకు పెట్టించింది. అంతే. ఇంతకా? ఒక డబ్బాను ఇటు నుంచి అటు పెట్టడానికా నేను రెండేళ్ళు జడ వేసుకోలేదు? నాకు ఎవరి మీద మండాలో తెలియక అందరి మీదా మండింది. నా మీద కూడా మండింది. కుర్చీ పలకకు తగిలించిన టిఫిన్ సంచి తీసేసి, పలకకు వీపు ఆనించి కూర్చున్నాను. అరుపు కోసం ఎదురుచూశాను. సూపర్‌వైజర్ దాటిపోయాడు, అరవలేదు.

మధ్యాహ్నం పైన ఆఫీసుకు రమ్మని కబురొచ్చింది. అయిపోయిందనుకున్నాను. లేచి వెళుతుంటే లైన్ మొత్తం మిషన్లు ఆపకుండానే నన్ను చూసింది. పైన మేనేజరు కూర్చోమన్నాడు. "ఇంకెవరెవరికి ఉండాదమ్మా నొప్పి?" అని అడిగాడు. నేను అనుకున్నదే. "నాకు నాదే తెలుసు సార్. వాళ్ళది వాళ్ళనే అడగండి. అడిగే ముందు, చెప్పినవాళ్ళను మిషన్ మీద నుంచి లేపబోమని అందరి ముందరా ఒక మాట చెప్పండి. ఎవరూ నమ్మరు, అయినా చెప్పండి" అన్నాను. ఆయన పక్కన టేపమ్మ ఉంది. ఆ మాటే తాను కూడా రాసిచ్చానంది. ఆయన చూద్దాం అన్నాడు. చూద్దాం అన్నవాళ్ళను నేను చాలామందిని చూశాను.

కిందికి వచ్చి నా మిషన్ మీదే కూర్చున్నాను. సాయంత్రం దాకా నన్నెవరూ లేపలేదు. మరునాడూ నా మిషన్ నాకే ఉంది. ఆ మరునాడు శనివారం, సాయంత్రం గేటు బయట అక్క నా కోసం నిలబడి ఉంది. రోడ్డు దాకా నా పక్కనే నడిచింది. తరువాత, "భుజం గురించి నాకు ఒక మాటన్నా చెప్పలేదే నువ్వు" అంది.

"నువ్వు కాలు గురించి చెప్పినావా?"

"రేపు నాతో వస్తావా ఆస్పత్రికి?" అంది. ఏడుస్తోందేమోనని చూశాను. ఏడవడం లేదు, కోపంగా ఉంది. నాకు అదే ధైర్యమనిపించింది.

ఆస్పత్రిలో డాక్టరు చిన్న సుత్తితో మోకాళ్ళ కింద తట్టాడు. పాదాన్ని పైకి లేపమన్నాడు, కుడిది లేచింది, ఎడమది మొరాయించింది. స్కానింగ్ తీయించాడు. వెన్నుపూసల మధ్య మెత్తటిది జరిగి నరాన్ని నొక్కుతోందన్నాడు. ఆపరేషన్ ఇప్పుడే వద్దు, విశ్రాంతి, మందులు, కసరత్తులు అన్నాడు. "ఇన్నాళ్ళూ ఏం చేశారు?" అని గద్దించాడు. అక్క నా వంక చూసింది, నేను కిటికీ వంక చూశాను. తన్నించుకున్నామని ఆయనకు ఏం చెప్తాం! బలం వస్తుంది, స్పర్శ పూర్తిగా వస్తుందో లేదో చెప్పలేనన్నాడు.

అక్క సెలవులో ఉండగా ఆమె మిషన్ మీద ఒక కొత్త పిల్లను కూర్చోబెట్టారు. పొట్టిపిల్ల, ఆ బల్లకు సరిగ్గా సరిపోయింది. ఇక అక్క తిరిగొచ్చినట్టేనని లైన్‌లో అందరూ గుసగుసలు. నేనే కదా పంపింది అన్నట్టు నా వంక చూపులు. నేను రోజూ ఆ పిల్ల వీపు చూస్తూ, ఈ పిల్లను ఎప్పుడు లేపుతారా, అసలు లేపుతారా అని ఒకటే ఆరాటపడ్డాను. టేపమ్మను చూసినప్పుడల్లా అదే అడిగాను. "మాట్లాడుతున్నానండీ" అనేది. మాటలకేం, నేనూ మాట్లాడతాను. ఆ పిల్లకు మాత్రం ఏం తెలుసు పాపం, నేను ముఖం ముడుచుకుంటే బెదిరిపోయి పల్లీ చిక్కీ తెచ్చిచ్చేది. అది కూడా తిరగేసి చూసుకునే తిన్నాను.

ఒక ఉదయం నేను వచ్చేసరికి ఆ బల్ల కాళ్ళ కింద చెక్క దిమ్మలు పెట్టి ఉన్నాయి. పెడల్‌ను విప్పి మధ్యకు జరిపి బిగించారు. పొట్టిపిల్ల రెండు మిషన్ల అవతలికి పోయింది. ఇంత ఎత్తు బల్ల ఎవరి కోసమో నాకు తెలుసు. అయినా ఆ పొడుగు మనిషి చెప్పులకు నాడాలు కట్టుకుని, మెల్లగా, కాలు కొంచెం లేపి లేపి నడుస్తూ లైన్‌లోకి వచ్చేదాకా నమ్మలేదు. వచ్చి కూర్చుంది. వీపు పలకకు ఆనించింది. ఆనించి, సూపర్‌వైజర్ ఎక్కడున్నాడా అని ఒకసారి చుట్టూ చూసింది. చాలాకాలం తరువాత ఆమె వీపు నిటారుగా చూశాను.

అన్నం గంట కొట్టాక షెడ్డులోకి వెళ్ళాను. ఎవరూ రాకపోయినా అలవాటుకొద్దీ అక్కడే తింటున్నాను. వెనకాలే అక్క వచ్చింది. ఆమె వెనక, చాలా రోజులుగా ఇటు తొంగిచూడనివాళ్ళు కూడా నలుగురైదుగురు బాక్సులు పట్టుకుని వచ్చి మూటల మీద కూర్చున్నారు. ఏం జరుగుతుందో చూడాలని వచ్చారు, నాకు తెలియదా! అక్క గోడవైపు తిరిగి నిలబడి, ఎడమకాలి చెప్పు నాడా విప్పి, పాదం బయటికి తీసింది.

"నడుం జోలికి పోవద్దే. అప్పుడు నువ్వు వేలు పెట్టినావే, అట్ల పెట్టి చూడు" అంది.

ముందు మడమ మీద పెట్టాను. "తెలుస్తాందా?"

"తెలుస్తాండాది."

కాలు తీసి, ఆమె పాదం పైన, బొటనవేలి దగ్గర పెట్టాను. నొక్కాను. "ఇప్పుడు?"

మూటల మీద కూర్చున్నవాళ్ళు నమలడం ఆపేశారు. నేను ఇంకొంచెం నొక్కాను. మునుపటిలాగే ఆఁ అంటుందని, తన్ను బిన్నా అంటుందని ఎదురుచూశాను.

"లేదే" అంది అక్క, గోడవైపే చూస్తూ, అందరికీ వినబడేలా. "ఆడ ఇంకా తెలీదు."

పుట్టి బుద్ధెరిగాక ఒక మనిషి మాటను తిరగేసి చూసుకోకుండా నేను నమ్మింది ఆ ఒక్కసారే.